వ్యాను ఆగితే బడి ఆగుతుంది: హెడ్ గాస్కెట్‌ను పెరట్లోనే మార్చుకున్నాం

కృష్ణగిరి జిల్లా హోసూరు పక్క పల్లెలో మాది తెలుగు మాధ్యమ బడి. ఆరేడు కిలోమీటర్ల దూరంలోని రెండు చిన్న పల్లెల నుంచి ఏడుగురు పిల్లలు ఒక పాత పెట్రోల్ వ్యానులో వస్తారు. వాళ్ల తల్లిదండ్రులు తలా కొంత వేసుకుని కొన్న బండి అది. ఏడుగురే కదా అనుకోవచ్చు. తరగతికి పది మంది కూడా నిండని మా తెలుగు సెక్షన్లలో ఏడుగురు చాలా పెద్ద లెక్క. తమిళ అభ్యసన చట్టం వచ్చాక 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. అప్పటి నుంచి తెలుగు మాధ్యమంలో పిల్లల్ని నిలుపుకోవడమే మాకు పెద్ద పని. ఆ రెండు పల్లెలకు నడిచి వెళ్లేంత దగ్గరలో వేరే మాధ్యమం బడి ఉంది. వ్యాను నెల రోజులు ఆగితే పిల్లలు అటు వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లు తిరిగి రారు.

అలాంటి వ్యాను ఒక సోమవారం ఉదయం దారిలో ఆవిర్లు కక్కింది. దాన్ని బాగుచేసుకున్న పన్నెండు రోజుల కథ ఇది. పాత బండి ఉన్న ఏ ఇంటికైనా, ఏ బడికైనా పనికొస్తుందని రాస్తున్నాం.

తప్పు మాదే

మొదట మా తప్పులు చెప్పుకోవాలి. అప్పటికి రెండు నెలలుగా రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయి. తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోశాం. కారుతున్న చోటు వెతకలేదు. ఎవరో చెబితే రేడియేటర్‌లో పసుపు కూడా వేశాం. లారీ డ్రైవర్లు దారిలో చేసే పాత చిట్కా అది. రేడియేటర్‌కు సూది మొనంత రంధ్రం ఉంటే పసుపు దాన్ని కొన్నాళ్లు మూయవచ్చు. మా జబ్బు అది కాదు. ఆ సోమవారం టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకినా, బడికి ఇంకా నాలుగు కిలోమీటర్లే కదా అని ఆపకుండా నడిపాం. ఇంజన్‌కు అసలు దెబ్బ తగిలింది ఆ నాలుగు కిలోమీటర్లలోనే.

ముల్లు ఎర్రగీత తాకగానే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. ప్రెషర్ కుక్కర్‌లో లాగే ఆ మూత లోపలి పీడనాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీస్తే పీడనం ఒక్కసారిగా పడిపోయి నీళ్లన్నీ మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి. కాగిన ఇంజన్ మీద చల్లటి నీళ్లు పోయడమూ తప్పే. లోహం పగులుతుంది. కనీసం గంట సేపు చల్లారనివ్వాలి.

అసలు గాస్కెట్ చేసే పని

ఇంజన్ కింది భాగాన్ని బ్లాక్ అంటారు. మా వ్యానులో అది పోత ఇనుము. అందులో పిస్టన్లు ఆడే మూడు సిలిండర్లున్నాయి. పైన మూతలా కూర్చునేది హెడ్, అది అల్యూమినియం. ఈ రెండింటి మధ్య ఉండే పలుచని పొరే హెడ్ గాస్కెట్. మా ప్రాంతపు షెడ్లలో దీన్ని 'హెడ్ ప్యాకింగ్' అంటారు. సిలిండర్‌లో మండే వాయువు, ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు, కదిలే భాగాలకు అందే ఆయిల్ ఒకదాంట్లో ఒకటి కలవకుండా అడ్డంగా నిలబడేది అదే.

వేడికి లోహాలు వ్యాకోచిస్తాయని పిల్లలు చదువుకున్నారు. అల్యూమినియం దాదాపు ఇనుముకు రెండింతలు వ్యాకోచిస్తుంది. 30 సెంటీమీటర్ల అల్యూమినియం ముక్క 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతే పొడవున్న ఇనుము 0.3 పైచిలుకు పెరుగుతుంది. మామూలు వేడిలో గాస్కెట్ ఆ తేడాను ఓర్చుకుంటుంది. ఇంజన్ హద్దు మీరి కాగితే హెడ్ వంగుతుంది, గాస్కెట్ మీద పట్టు సడలుతుంది, సందులోంచి మంట దూరి దాన్ని కాల్చేస్తుంది.

విప్పే ముందు తేల్చుకోవాలి

హోసూరులో ఒక షెడ్డులో చూపిస్తే హెడ్ విప్పాలి, పదిహేను వేలు అవుతుందన్నారు. కూలీ, సామాను, వాళ్ల పూచీ అన్నీ కలిపిన ధర అది, తప్పు పట్టలేం. మా దగ్గర అంత లేదు. పల్లెలో ఒక పెద్దాయన ఉన్నారు. ముప్పై ఏళ్లు లారీ ఇంజన్లు విప్పి బిగించి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు. పిల్లలు ఆయన్ను మేస్త్రి తాత అంటారు. పెరట్లో చేద్దామా అని అడిగితే ఆయన ఒక్క షరతు పెట్టారు. "రోగం తెలీకుండా కోత పెట్టేది లేదప్పా. ముందు ప్యాకింగే పోయుండాదో, ఇంకేమన్నానో తేల్చాల."

నీళ్లు తగ్గితే గాస్కెట్టే పోయిందని లేదు. గొట్టం చిట్లి ఉండవచ్చు, వాటర్ పంపు కారుతుండవచ్చు, థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు, మూత రబ్బరు అరిగి ఉండవచ్చు. అందుకే ఆయన చెప్పిన వరసలో ఒక్కోటి చూశాం.

మొదటిది, డిప్‌స్టిక్, ఆయిల్ పోసే మూత. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే కాఫీలో పాల మీగడలాంటి జిగురు కనిపిస్తుంది. మాకు డిప్‌స్టిక్ మీద ఆయిల్ బాగానే ఉంది, మూత కింద మాత్రం కాస్త తెల్లటి జిగురుంది. దీన్ని చూసి తొందరపడకూడదు. చలికాలంలో కొద్ది దూరాలే తిరిగే బండికి ఆవిరి పేరుకుని కూడా మూత కింద అలా వస్తుంది.

రెండోది, పొగ. పొద్దున్నే చల్లటి ఇంజన్ వేస్తే సైలెన్సర్ నుంచి కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా దట్టంగా తెల్లపొగ వస్తుంటే నీళ్లు సిలిండర్‌లోకి పోతున్నట్టు. మాకు అలాగే వచ్చింది.

మూడోది, ప్లగ్గులు. మూడూ విప్పి వరసగా పెట్టాం. రెండు నల్లగా, గోధుమ రంగులో ఉన్నాయి. మూడో సిలిండర్ ప్లగ్గు కడిగిపెట్టినట్టు శుభ్రంగా ఉంది. లోపలికి చేరిన నీళ్లు ఆవిరై దాన్ని కడిగేశాయన్నమాట.

నాలుగోది, రేడియేటర్‌లో బుడగలు. చల్లటి ఇంజన్‌కు మూత తీసి స్టార్ట్ చేసి చూస్తే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయి. గాలి బుడగలైతే కాసేపటికి ఆగిపోతాయి. ఇవి ఆగలేదు.

సున్నపు తేట సాక్ష్యం

ఇక్కడే పదో తరగతి అమ్మాయి ఒకరు ముందుకొచ్చింది. "అయివారూ, ఆ బుడగల్లో ఉండేది మండిన పొగే అయితే సున్నపు తేట తెల్లంగా మారాల కదా?" అంది. మేస్త్రి తాతకు సున్నపు తేట మాట కొత్త. మాకు ఈ ఆలోచన కొత్త. షెడ్లలో దీనికి నీలం రంగు ద్రావణం వాడతారని తర్వాత తెలిసింది. కార్బన్ డై ఆక్సైడ్ తగిలితే అది పసుపు రంగుకు మారుతుంది. అందులోనూ ఉన్నది ఇదే సూత్రం.

బడి ల్యాబ్‌లోనే సున్నపు తేట తయారుచేశాం. రేడియేటర్‌లో నీళ్లు కొంచెం తగ్గించి, నోటిలో గరాటు బోర్లించి, గరాటు కాడకు రబ్బరు గొట్టం తొడిగాం. గొట్టం రెండో కొస పరీక్ష నాళికలోని సున్నపు తేటలో ముంచాం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, ఆరుబయట, సైలెన్సర్ పొగ ఇటు రాకుండా చూసుకుని స్టార్ట్ చేశాం. రెండు నిమిషాలు కాకముందే తేట పాలలా మారింది. పోల్చి చూడడానికి ఇంకో నాళికలోకి సైకిల్ పంపుతో మామూలు గాలి అంతసేపే పంపాం. అది తేటగానే ఉంది. మామూలు గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ 0.04 శాతం ఉంటే, పెట్రోల్ ఇంజన్ పొగలో 12 శాతం పైనే ఉంటుంది. తేడా అంత స్పష్టంగా కనిపించడానికి కారణం అదే. పాలరంగు రాగానే ఆపేయాలి. వాయువు ఎక్కువసేపు పోతే తేట మళ్లీ తెల్లదనం కోల్పోతుంది. పాఠంలో ఉన్న విషయమే అది.

చివరిది కంప్రెషన్ పరీక్ష. మేస్త్రి తాత తన పాత గేజ్ తెచ్చారు. మూడు ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్ వైరు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి, ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి ఇంజన్ తిప్పాం. ఒకటో సిలిండర్ 155 పీఎస్ఐ చూపింది. రెండోది, మూడోది 70 దగ్గరే ఆగాయి. ఆ రెండింటిలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూశాం. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఆయిల్ సందు మూసి అంకె పెరిగేది. పెరగలేదు. వాల్వులు కాలినా అంకె తగ్గుతుంది కానీ, పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకే అంకెకు పడిపోతే ముందు అనుమానించాల్సింది వాటి నడుమనున్న గాస్కెట్‌నే. తెల్లపొగ, కడిగిన ప్లగ్గు, పాలలా మారిన తేట, రెండు తక్కువ అంకెలు నాలుగూ ఒకే మాట చెప్పాయి. అప్పుడే స్పానర్ పట్టాం.

ఇడ్లీ ప్లేట్లలో బోల్టులు

బరువు పనులు, విప్పడం, బిగించడం మేస్త్రి తాత, ఇద్దరు తండ్రులు చేశారు. పిల్లలు రాయడం, ఫొటోలు తీయడం, కొలవడం చేశారు. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీశాం. కూలెంట్‌ను బకెట్లోకి దించి మూతపెట్టి ఎత్తులో ఉంచాం. అందులోని రసాయనం తియ్యగా ఉండి కుక్కల్ని, పసిపిల్లల్ని ఆకర్షిస్తుంది. అది విషం.

ప్రతి గొట్టానికి, వైరుకు జతలుగా అంకెల చీటీలు అంటించాం. ఎక్కడి బోల్టులు అక్కడే పెట్టడానికి పాత ఇడ్లీ ప్లేట్లు పనికొచ్చాయి. గుంటకో చీటీ, చీటీకో పేరు. హెడ్ బోల్టులకు మాత్రం అట్టముక్క మీద హెడ్ బొమ్మ గీసి, ఏ చోటి బోల్టును ఆ చోటే గుచ్చాం.

ఒకటో పిస్టన్‌ను పైకొసకు తెచ్చి, టైమింగ్ బెల్ట్ తీసే ముందు పుల్లీల మీది గుర్తులు సరిచూసి తెల్ల పెయింటుతో గీతలు పెట్టాం. ఈ గుర్తులు తప్పితే మిగతా పనంతా వృథా. హెడ్ బోల్టులను ఇంజన్ పూర్తిగా చల్లారాకే వదులుచేయాలి. అదీ కొసల నుంచి మధ్యకు, ఒక్కోటి కొంచెం కొంచెంగా, రెండు మూడు విడతల్లో. ఒక వైపు బోల్టులన్నీ ఒకేసారి తీసేస్తే హెడ్ వంగుతుంది. అంటుకుపోయిన హెడ్‌ను స్క్రూడ్రైవర్ దూర్చి లేపాలని మాకు తొందర. మేస్త్రి తాత ఒప్పుకోలేదు. చెక్క సుత్తితో పక్కల తట్టి లేపారు. నునుపు ముఖం మీద ఒక్క గీత పడినా ఆ గీతలోంచే మళ్లీ కారుతుంది.

గాస్కెట్ చేతికొచ్చాక మా పరీక్షల జవాబు కళ్లారా చూశాం. రెండు, మూడు సిలిండర్ల నడుమ నల్లటి కాలిన చార ఉంది. దాని పాయ ఒకటి మూడో సిలిండర్ పక్కనున్న నీటి రంధ్రం వరకు పోయింది.

ఇంట్లో ఆగాల్సిన చోటు

ముఖాలు శుభ్రం చేయడానికి చెక్క, ప్లాస్టిక్ ముక్కలే వాడాం. అల్యూమినియం మెత్తన, ఇనుప బ్లేడు కోసేస్తుంది. బ్లాక్‌లోని బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ మిగలకుండా గుడ్డతో తుడిచి గాలి కొట్టాం. అడుగున ద్రవం ఉండగా బోల్టు బిగిస్తే అది నలగడానికి చోటులేక బ్లాక్‌నే పగలగొట్టవచ్చు.

తర్వాత హెడ్ సమతలం చూశాం. లేత్ షాపు నుంచి అడిగి తెచ్చిన స్ట్రెయిట్ ఎడ్జ్‌ను హెడ్ ముఖం మీద నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ రేకులు దూర్చాలి. పొడవునా, అడ్డంగా, రెండు కర్ణాల వెంట. మా బండి మాన్యువల్ ఒప్పుకునే వంపు 0.05 మిల్లీమీటర్లు. కర్ణం వెంట 0.10 రేకు దూరింది. సెంటీమీటరులో నూరోవంతు. కంటికి కనబడదు, ఇంజన్‌కు మాత్రం అది పెద్ద సందు.

ఇంటి పని ఇక్కడితో ఆగింది. నేల మీద గరుకు కాగితం పరిచి హెడ్‌ను రుద్దితే సమం అవుతుందని చెప్పేవాళ్లున్నారు. మేం ఆ పని చేయలేదు. హెడ్‌ను హోసూరులో లేత్ షాపుకు పంపి, ముందు పగుళ్లకు ప్రెషర్ టెస్ట్, తర్వాత ఫేసింగ్ చేయించాం. ఫేసింగ్ కన్నా ముందు టెస్ట్ ముఖ్యం. పగిలిన హెడ్‌ను నున్నగా చేయించినా డబ్బు దండగే. గాస్కెట్ సెట్టు బెంగళూరు జేసీ రోడ్డులో, ఇంజన్ నంబరు చూపించి కొన్నాం.

స్ప్రింగ్ త్రాసుతో టార్క్

బిగించేటప్పుడు గాస్కెట్ ఏ వైపు పైకి రావాలో దాని మీదే రాసి ఉంటుంది. ప్రతి రంధ్రం బ్లాక్ రంధ్రంతో సరిపోయిందో లేదో చూసి పెట్టాం. మా గాస్కెట్‌కు పేస్టు ఏదీ అక్కర్లేదు. కొన్ని ఇంజన్లలో హెడ్ బోల్టులు సాగే రకం, ఒక్కసారికే పనికొస్తాయి. మీ మాన్యువల్ ఏం చెబుతుందో చూడండి.

బోల్టులు విప్పిన వరసకు తిరగేసి, మధ్య నుంచి కొసలకు మూడు విడతల్లో బిగించాలి. మా బండికి చివరి బిగువు 5.5 నుంచి 6 కిలోగ్రామ్ మీటర్లు. ఆ అంకెకు అర్థమేంటని ఒక పిల్లాడు అడిగాడు. బలాన్ని దూరంతో గుణిస్తే బలభ్రామకం. మీటరు కడ్డీ కొసన 6 కిలోల బరువు వేలాడదీస్తే బోల్టు మీద పడే మెలి అది. అర మీటరు కడ్డీ అయితే 12 కిలోలు కావాలి. పిల్లలు అర మీటరు పైపు స్పానర్‌కు ల్యాబ్‌లోని స్ప్రింగ్ త్రాసు కట్టి, పైపుకు లంబంగా లాగి, అద్దెకు తెచ్చిన టార్క్ రెంచ్ చెప్పేది సరేనా అని ఒక బోల్టు మీద చూసుకున్నారు. సరిపోయింది. చేతి అంచనాతో ముప్పై ఏళ్లు బిగించిన మేస్త్రి తాత త్రాసు వంక చూసి, "ఇది నాకు ఎవురూ చెప్పలేదు రా" అన్నారు.

టైమింగ్ గుర్తులు కలిపి కొత్త బెల్ట్ వేశాం. ఇంజన్‌ను స్పానర్‌తో చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయని చూశాకే తాళం తిప్పాం. వాల్వుల సందు సరిచేశాం. ఆయిల్, ఫిల్టర్ మార్చాం. తీసిన ఆయిల్‌ను నేలలో పోయకుండా డబ్బాలో షెడ్డుకు ఇచ్చాం.

మూలం వదిలితే మళ్లీ అదే

గాస్కెట్ కాలడం ఫలితం. కారణం వేరే ఉంది. రేడియేటర్ కింది గొట్టం క్లిప్పు దగ్గర చిట్లి, బండి నడిచినప్పుడు మాత్రమే చెమ్మగిల్లుతోంది. నెలల తరబడి పోసిన బోరు నీటి ఉప్పు రేడియేటర్ సన్న గొట్టాల్లో గిన్నె అడుగున పట్టినట్టు పట్టింది. దానికి తోడు మా పసుపు. ఇవి వదిలేసి గాస్కెట్ మాత్రమే మారిస్తే ఇంకో ఆరు నెలలకు అదే పని. రేడియేటర్ శుభ్రం చేయించి, గొట్టం, థర్మోస్టాట్ కొత్తవి వేసి, నీళ్లకు బదులు కూలెంట్ పోశాం. మూత తెరిచి ఉంచి ఇంజన్ నడిపి, లోపల చిక్కిన గాలి పోయాక నింపాం.

ఖర్చు లెక్క ఇది: గాస్కెట్ సెట్టు 900, టెస్ట్, ఫేసింగ్ 1,200, రేడియేటర్ శుభ్రం 800, ఆయిల్, ఫిల్టర్ 1,400, కూలెంట్ 700, బెల్ట్ 600, థర్మోస్టాట్ 350, గొట్టం 250. మొత్తం 6,200 రూపాయలు. మేస్త్రి తాత కూలీ తీసుకోలేదు. దాన్ని కూడా లెక్కలో పెడితే షెడ్డు చెప్పిన ధర అన్యాయమేం కాదని అర్థమవుతుంది.

రెండు తెలుగులు కలిసిన చోటు

ఈ పన్నెండు రోజులూ ఏడుగురు పిల్లల్ని తల్లిదండ్రులు, మేము వంతులు వేసుకుని బైకుల మీద తెచ్చాం. ఒక్కరూ బడి మానలేదు.

మా పిల్లల్లో చాలామంది రేపు ఐటీఐలకు, సిప్కాట్ ఫ్యాక్టరీలకు వెళతారు. అక్కడ తమిళం, కన్నడం, ఇంగ్లిషు కావాలి, వాటిని నేర్చుకోవాల్సిందే. "తెలుగులో చదివితే పనిలో ఏం పనికొస్తుంది?" అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. మా దగ్గర గట్టి జవాబు ఉండేది కాదు. ఇప్పుడు ఒకటి ఉంది. వ్యాకోచం, సున్నపు తేట, బలభ్రామకం అన్నవి పరీక్ష కోసం బట్టీ పట్టిన మాటలు. ప్యాకింగ్, ఫేసింగ్, టార్క్ అన్నవి షెడ్డు మాటలు. పెరట్లో రెండూ ఒకే వస్తువు గురించి మాట్లాడుకున్నాయి. రోగం తేల్చింది తెలుగులో చదివిన పాఠమే. దాన్ని నయం చేసింది తాత చెయ్యి. పిల్లలు ఆ మాటలన్నీ రెండు వరసల్లో రాసి తరగతి గోడకు అంటించారు. మీ బడి దగ్గర కూడా ఒక మేస్త్రి ఉంటారు. సైకిల్ కావచ్చు, పంపుసెట్టు కావచ్చు, ఒక్కరోజు తరగతికి పిలిచి చూడండి.

వ్యాను తిరుగుతోంది. రోజూ పొద్దున బయల్దేరే ముందు, ఇంజన్ చల్లగా ఉండగానే డ్రైవరు కూలెంట్ మట్టం చూస్తారు. పక్కనే ఒక పిల్లాడు తారీఖు వేసి నోటుపుస్తకంలో రాస్తాడు. మట్టం తగ్గితే నీళ్లు పోయడం మాత్రం లేదు. ముందు ఎక్కడ కారుతోందో వెతుకుతారు.